జానెడు జానెడు

విశాఖపట్నంలో పైపు గడ్డకట్టిందంటే
మా పుట్టింటోళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.
నవ్వరా మరి.
మే నెల మధ్యాహ్నం మా కొండవాలు పైపు ముట్టుకుంటే
అరచెయ్యి అట్ల పెనం మీద పెట్టినట్టే.
ఆ నీళ్ళతో కడిగితే బియ్యం సగం ఉడికిపోతాయంటుంది
పక్కింటి నూకరత్నం.

మా ఆయన పని మాత్రం అదే.
చేపల రేవు వెనక ఐసు ఫ్యాక్టరీలో
ఇరవై రెండేళ్ళుగా
గడ్డకట్టిన పైపుల్ని బతిమాలుకోవడం.
ఊరంతా చెమటలు కక్కుతుంటే
ఉన్ని టోపీ చంకన పెట్టుకుని డ్యూటీకెళ్ళే మనిషి.
ఆ చొక్కా ఉతికేటప్పుడు
ఒక పక్క చేప, ఒక పక్క అమ్మోనియా,
ముక్కు ఎటు తిప్పుకోవాలో తెలీదు.

పెళ్ళైన కొత్తలో చెప్పాడు, అన్నం కలుపుతూ,
ఎవరో అడిగినట్టు:
"మంట ఎట్టకూడదు. మంట ఎడితే ఇనుము ఊరుకోదు.
ముందు కొళాయి ఇప్పాలి, నీటికి దారుండాల.
గోనె గుడ్డ సుట్టి గోరెచ్చని నీళ్ళు పొయ్యాల,
కొళాయి కాణ్ణించి ఎనక్కి, జానెడు జానెడు.
పగిలిందో లేదో గడ్డగా ఉన్నప్పుడు తెలీదు.
కరిగినప్పుడే తెలుస్తాది."
ఊఁ అన్నాను.
పులుసులో ఉప్పు తక్కువైందేమోనని నా ధ్యాస.

మొన్న మార్గశిరంలో, మూడో లక్ష్మివారం,
బురుజుపేట గుడి క్యూ రోడ్డెక్కిన రాత్రి,
రేవులో పదకొండు బోట్లు ఐసు కోసం ఆగున్నాయంట.
డబ్బాల్లోకి నీళ్ళెళ్ళే లైను బిగుసుకుపోయింది.
మెట్ల మీంచి మేనేజరు కేకలు.
ఈయన గోనె తడపడానికెళ్ళిన రెండు నిమిషాల్లో
హెల్పరు గుంటడు తాతబ్బాయి
బ్లో ల్యాంపు ముట్టించాడు.
పంతొమ్మిదేళ్ళు.
పెద్దాయనకి పని తగ్గిద్దామనుకున్నాడు, అంతే.
పక్కనే ఉంది అమ్మోనియా గొట్టం.

వాడు కళ్ళకి కట్టుతో కేజీహెచ్‌లో.
ఈయన నోటికి కట్టుతో ఇంట్లో.

తొమ్మిది రోజులు.
తిను అంటే తింటాడు. పడుకో అంటే పడుకుంటాడు.
మా అన్నయ్య వచ్చి నీ తప్పేటి బావా అని
గట్టిగా, మూడుసార్లు అడిగాడు.
యూనియనోళ్ళు కాయితం తెచ్చి
జరిగింది జరిగినట్టు రాయమన్నారు.
అందరూ మంట పెట్టేవాళ్ళే.

నాకప్పుడు ఆ పులుసు గుర్తొచ్చింది.

పదో రోజు నీళ్ళొచ్చే రోజు.
నాలుగున్నరకి బిందెలు వరసపెట్టి వస్తే
ఆయన లేచే ఉన్నాడు, మంచం పట్టె మీద.
ఏమీ అడగలేదు నేను.
వేడినీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి,
పాదాలకి చుట్టాను.
తర్వాత పిక్కలకి. తర్వాత మోకాళ్ళకి.
కింద రేవులో ఏదో బోటు ఇంజను
అందుకోలేక దగ్గుతోంది.
తువ్వాలు రెండుసార్లు చల్లారింది.
రెండుసార్లూ మళ్ళీ ముంచాను.

"ఆడి సెప్పులు," అన్నాడు.

చాలాసేపటికి మళ్ళీ,
"గేటు కాడే ఉన్నాయి. ఎవులూ తియ్యలేదు.
కుడిదానికి బద్దీ తెగిపోతే
పిన్నీసు ఎట్టుకున్నాడు."

సరిగ్గా అప్పుడే వీధి కొళాయి బుస్సుమంది.
ముందు గాలి, తర్వాత తుప్పు, తర్వాత నీళ్ళు.
నలభై నిమిషాలే. మళ్ళీ ఎల్లుండే.
వీధంతా బిందెల రొద, ఎవరిదో ముందు వంతని తగువు.
నేను లేవలేదు.
లేస్తే ఆగిపోతాడేమోనని.

నూకరత్నం తలుపు దాకా వచ్చి,
తిట్టబోయి, చూసి,
నా బిందెలు రెండు చంకలకీ ఎత్తుకెళ్ళింది.

ఆయన చెబుతూనే ఉన్నాడు, చెప్పుల గురించే.
పూర్ణా మార్కెట్లో కొన్నాడంట,
నూట ఎనభై అంటే నూట పదికి బేరమాడి
ఫ్యాక్టరీ అంతా తిరిగి చూపించాడంట.
గొంతు అక్కడక్కడ గరగరమంటోంది.
ఎక్కడ పగిలిందో నాకింకా తెలీదు.

తెల్లారాక గేటు దాకా వెళ్ళాలి.
పిన్నీసు తీయించి బద్దీ వేయించాలి.